శివారు దాకా నీళ్లు: నెల చందా కట్టే ఆటగాడు ఏం అడగాలి?

కిందటి సార్వా మొదట్లో అవనిగడ్డ దగ్గర మా అక్కావాళ్ల ఊరు వెళ్లాను. రాత్రి ఏడున్నర దాటింది. బావగారు అప్పుడే కాలవ మీద నుంచి వచ్చి వరండా మెట్ల మీద కాళ్లు కడుక్కుంటున్నారు. "బ్యారేజీ దగ్గర నీళ్లు వదిలి పది రోజులైంది. మన తూము దగ్గర ఇంకా మోకాలు కూడా తడవటం లేదు" అన్నారు. లోపలి గదిలో మా మేనల్లుడు హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టాడు. డిగ్రీ చదువుతూ, సాయంత్రాలు ట్యూషన్లు చెప్పి, ఆ డబ్బుతో ఒక ఆన్‌లైన్ ఆటకు నెలనెలా చందా కడతాడు. "మావయ్యా, నేను కొట్టిన దెబ్బ అర సెకను ఆగి పడుతోంది. ఈలోపు అవతలివాడు నన్ను చంపేస్తున్నాడు. డబ్బు కట్టించుకున్నవాళ్లకు బాధ్యత ఉండదా?" అని అడిగాడు.

ఒకే ఇంట్లో రెండు ఫిర్యాదులు. ఒకరు నీటి తీరువా కట్టారు, ఇంకొకరు చందా కట్టారు. ఇద్దరూ శివారులోనే ఉన్నారు. బావగారికి రావలసింది ప్రకాశం బ్యారేజీ నుంచి కేఈబీ కాలువ మీదుగా రావాలి. వాడికి రావలసింది సింగపూర్‌లో ఉన్న సర్వర్ నుంచి సముద్రం అడుగున తీగ మీదుగా రావాలి. అయితే బావగారికి తన ఫిర్యాదు ఎవరికి చెప్పాలో, ఏ కొలతతో చెప్పాలో తెలుసు. లస్కరు ఎవరో, గేజి ఎక్కడుందో, ఎగువన ఎవరు ఇంజిన్ పెట్టి తోడుతున్నారో తెలుసు. మేనల్లుడికి అవేవీ తెలియవు. చందా కట్టినప్పుడు మనం కొనేది ఒక నడిచే ఏర్పాటు. నడిచే ఏర్పాటును కొలిస్తేనే మన హక్కు ఎంతో తెలుస్తుంది. ఆ రాత్రి వాడితో కూర్చుని చూసిన లెక్కలు, ఆ తర్వాత నేను చదివి తెలుసుకున్న సంగతులు ఇక్కడ చెబుతాను.

గంట లెక్క నుంచి నెల లెక్కకు

2000ల మొదట్లో విజయవాడ గవర్నర్‌పేట, మొగల్రాజపురం సందుల్లో నెట్ సెంటర్లు నిండుగా ఉండేవి. మా తరం కౌంటర్ స్ట్రైక్ అనే షూటింగ్ ఆట నేర్చుకుంది అక్కడే. పది కంప్యూటర్లు ఒకే గదిలో, ఒకే స్విచ్‌కి తగిలించి ఉండేవి. ఒక యంత్రం నుంచి ఇంకో యంత్రానికి సమాచారం చేరడానికి మిల్లీసెకను, అంటే సెకనులో వెయ్యో వంతు కూడా పట్టేది కాదు. ఓడిపోతే తప్పు మన చేతిదే. గంటకింత అని కట్టేవాళ్లం. మధ్యలో కరెంటు పోతే, పోయినన్ని నిమిషాలూ సెంటరు నడిపే అన్న అడక్కుండానే కలిపి ఇచ్చేవాడు. ఆ చిన్న మర్యాద గుర్తుంచుకోండి, మళ్లీ దాని దగ్గరికి వస్తాను.

నెల చందా పద్ధతి ఆన్‌లైన్ ఆటల్లో స్థిరపడింది 1997లో వచ్చిన అల్టిమా ఆన్‌లైన్‌తో. దాని చందా నెలకు 9.95 డాలర్లు. 2004 నవంబర్ 23న విడుదలైన వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ నెలకు సుమారు 15 డాలర్లు పెట్టింది. 2010 నాటికి 1 కోటీ 20 లక్షల మంది చందాదారులను సంపాదించింది. నెలనెలా ఎందుకు కట్టాలి? ఈ ఆటల్లో లోకం మన కంప్యూటర్‌లో ఉండదు. మనం నిద్రపోతున్నా అది సర్వర్ల మీద నడుస్తూనే ఉంటుంది. ఎవరి దగ్గర ఏ వస్తువుందో, ఎవరు ఏ ఊళ్లో నిలబడ్డారో అదే గుర్తుపెట్టుకుంటుంది. ఆ యంత్రాలకు కరెంటు కావాలి, చల్లదనం కావాలి, పాడైతే బాగుచేసే మనుషులు కావాలి, మోసం చేసేవాణ్ణి పట్టే కాపలా కావాలి. కాలవలో ఏటా పూడిక తీయాల్సిందే కదా. చందా కూడా అలాంటి నిర్వహణ ఖర్చే.

ఇంకో రెండు రకాల చందాలు కూడా మన పిల్లలు కడుతున్నారు. ఆట విడిగా కొని, దాన్ని ఇతరులతో కలిసి ఆడేందుకు ప్లేస్టేషన్ ప్లస్ వంటి సభ్యత్వం కట్టడం ఒకటి. ఉచితంగా దొరికే బీజీఎంఐ వంటి ఫోన్ ఆటలో రాయల్ పాస్ కొనుక్కోవడం ఇంకొకటి. పేర్లు వేరైనా అడగాల్సిన ప్రశ్నలు దాదాపు ఒకటే.

వెడల్పు వేరు, ఆలస్యం వేరు

మేనల్లుడి మొదటి వాదన ఇది: "మాది వంద ఎంబీపీఎస్ కనెక్షన్ మావయ్యా. స్పీడు తక్కువేం కాదు." ఇక్కడే చాలామంది పొరబడతారు. ఎంబీపీఎస్ అనేది కాలవ వెడల్పు. ఒక్క సెకనులో ఎన్ని నీళ్లు పారగలవో అది చెబుతుంది. బ్యారేజీ దగ్గర వదిలిన నీరు మన తూము చేరడానికి ఎంతసేపు పడుతుందో అది చెప్పదు. సినిమా చూడటానికి వెడల్పు కావాలి. ఆటకు కావలసింది చేరే సమయం. చాలా ఆటలు నడిచేటప్పుడు ఒక్క ఎంబీపీఎస్ కూడా వాడవు. ఎవరు ఎటు కదిలారు, ఎవరు ఏ బటన్ నొక్కారు అనే చిన్నచిన్న పొట్లాలే అటూ ఇటూ తిరుగుతాయి. ఒక పొట్లం సర్వర్ దాకా వెళ్లి తిరిగి రావడానికి పట్టే సమయాన్నే ఆటగాళ్లు పింగ్ అంటారు.

దీనికి ఎవరూ దాటలేని గీత ఒకటుంది. గాజు తీగలో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. అంటే మిల్లీసెకనుకు 200 కిలోమీటర్లు. అవనిగడ్డ నుంచి విజయవాడ సుమారు 70, అక్కడి నుంచి చెన్నై 430, చెన్నై నుంచి సింగపూర్‌కు సముద్రం అడుగున సుమారు 3,200 కిలోమీటర్లు. మొత్తం 3,700. వెళ్లి రావడానికి 7,400 కిలోమీటర్లు. అంటే కాంతికే 37 మిల్లీసెకన్లు కావాలి. దారిలో రూటర్ల దగ్గర ఆగడం, తీగ వంకర్లు తిరగడం కలుపుకుంటే 55 నుంచి 70 మధ్య వస్తే మంచి పింగే. విజయవాడ నుంచి ముంబై సర్వర్‌కు ఆకాశ మార్గంలో 870 కిలోమీటర్లు, కాబట్టి కనీసం 9. అమెరికా తూర్పు తీరంలోని సర్వర్ అయితే దూరం 13 వేల కిలోమీటర్ల పైమాట. కనీసం 130, ఆచరణలో 200 దాటుతుంది. ఎంత చందా కట్టినా, ఎంత ఖరీదైన ఫోన్ కొన్నా ఈ అంకె తగ్గదు. తగ్గాలంటే సంస్థ సర్వర్‌నే మనకు దగ్గరగా తెచ్చి పెట్టాలి.

అందుకే చందా కట్టే ముందు అడగాల్సిన మొదటి ప్రశ్న: సర్వర్ ఏ ఊళ్లో ఉంది? ఆటలో బొమ్మలు ఎంత అందంగా ఉన్నాయన్నది ఆ తర్వాతి సంగతి. షూటింగ్ ఆటలైన వాలరెంట్, బీజీఎంఐ వంటివాటికి మన దేశంలోనే సర్వర్లు ఉన్నాయి. నెల చందాతో నడిచే పెద్ద లోకాల సర్వర్లు మాత్రం ఎక్కువగా అమెరికా, యూరప్, జపాన్, ఆస్ట్రేలియాల్లో ఉంటాయి.

ఎంత ఆలస్యం బాధిస్తుందన్నది ఆటను బట్టి మారుతుంది. సర్వర్ తన లోకాన్ని నిరంతరం చూస్తూ ఉండదు. గడియారం టిక్కుటిక్కుమన్నట్టు విడివిడి క్షణాల్లో లెక్క కడుతుంది. వాలరెంట్ సర్వర్ సెకనుకు 128 సార్లు లెక్క కడుతుంది, అంటే ప్రతి 7.8 మిల్లీసెకన్లకు ఒకసారి. ఓల్డ్ స్కూల్ రూన్‌స్కేప్ అనే చందా ఆటలో ఒక టిక్కు 0.6 సెకను. అక్కడ 200 మిల్లీసెకన్ల పింగ్‌తో హాయిగా ఆడుకోవచ్చు. వాలరెంట్‌లో అదే పింగ్ ఉంటే బరిలో నిలబడలేం. ఒక దృశ్యాన్ని చూసి మనిషి వేలు కదపడానికే 200 నుంచి 250 మిల్లీసెకన్లు పడుతుంది. షూటింగ్ ఆటలో పింగ్ అంత ఉంటే మన స్పందన రెట్టింపు ఆలస్యమైనట్టే.

ఈ ఆలస్యాన్ని కప్పిపుచ్చడానికి ఆటలు ఒక ఉపాయం వాడతాయి. 1996లో క్వేక్ వరల్డ్ ఆట కోసం ప్రోగ్రామర్ జాన్ కార్మాక్ దాన్ని ప్రచారంలోకి తెచ్చాడు. బటన్ నొక్కగానే, సర్వర్ జవాబు కోసం ఆగకుండా, మన కంప్యూటరే "ఇలా జరిగి ఉంటుంది" అని ఊహించి బొమ్మను కదిపేస్తుంది. తర్వాత సర్వర్ అసలు తీర్పు వస్తుంది. ఊహ సరైతే మనకేమీ తెలియదు. తప్పైతే మన బొమ్మ చటుక్కున వెనక్కి లాగినట్టవుతుంది. గోడ చాటుకు చేరిపోయాక కూడా చచ్చిపోవడం ఇందువల్లే. మన తెరమీద మనం గోడ చాటున ఉన్నాం. శత్రువు తెరమీద ఇంకా బయటే ఉన్నాం. సర్వర్ ఇద్దరి కాలాలనూ సరిచూసి, ఒకరి పక్షాన తీర్పు చెప్పింది.

ఆ రాత్రి మేం కొలిచింది

మేనల్లుడి కంప్యూటర్‌లో పింగ్ అని కొట్టి, సర్వర్ చిరునామా ఇచ్చి, ఐదు నిమిషాలు వదిలేశాం. 64, 66, 63, ఒక్కసారిగా 240, మళ్లీ 71, మళ్లీ 310. సగటు చూస్తే భయపడేంత లేదు. ప్రాణం తీస్తున్నది ఈ ఊగిసలాట. దీన్నే జిట్టర్ అంటారు. నీళ్లు ఆలస్యంగా వచ్చినా వంతు ప్రకారం వస్తే రైతు సర్దుకుంటాడు. ఒకరోజు వచ్చి రెండు రోజులు రాకపోతే నారుమడి ఎండిపోతుంది. ఆట కూడా స్థిరమైన 90కి సర్దుకోగలదు. 60కీ 300కీ మధ్య ఊగే పింగ్‌ను ఏ ఊహా అందుకోలేదు.

కారణం వంటింట్లో దొరికింది. అక్క ఫోన్ ఛార్జింగ్‌లో ఉంది. రోజూ ఆ వేళకు అది పగలు తీసిన ఫోటోలు, వీడియోలు అన్నీ క్లౌడ్‌కు పంపుతుంది. ఇంటి నుంచి బయటికి పోయే దారి చాలా చోట్ల లోపలికి వచ్చే దారికన్నా ఇరుకు. ఫోటోల పొట్లాలు రూటర్ దగ్గర బారులు తీరితే, ఆట పొట్లం వాటి వెనక నిలబడాలి. ఫోన్ బ్యాకప్‌ను అర్ధరాత్రికి మార్చాం. వైఫై వదిలేసి రూటర్ నుంచి కంప్యూటర్‌కు ఒక ల్యాన్ తీగ లాగాం. అంకెలు 62కీ 67కీ మధ్య కుదురుకున్నాయి. మేనల్లుడు ఆ తెరవైపు చాలాసేపు చూశాడు. మూడు నెలలుగా వాడు తిట్టుకున్న ఆలస్యంలో ఎక్కువ భాగం ఆ ఇంట్లోదే.

అందుకే నేర్చుకోవలసిన మొదటి విద్య, ఆలస్యాన్ని వాటాలు వేయడం. ముందు ఇంట్లో రూటర్‌కు పింగ్ చేయాలి. అక్కడే ఊగితే తప్పు ఇంటిది. రూటర్ బాగుండి, దేశంలోనే ఉన్న ఏదైనా పెద్ద వెబ్‌సైటుకు ఊగితే అది కనెక్షన్ ఇచ్చినవాళ్ల బాధ్యత. అక్కడి దాకా స్థిరంగా ఉండి, ఆట సర్వర్‌కు మాత్రమే చెడితే అప్పుడు సంస్థను అడగాలి, లేదా మధ్యలో తీగ తెగిందేమో చూడాలి. 2025 సెప్టెంబర్‌లో ఎర్ర సముద్రంలో కేబుళ్లు తెగినప్పుడు మన దేశం నుంచి పశ్చిమానికి పోయే రాకపోకలు మందగించాయి. అలాంటి రోజున యూరప్ సర్వర్‌లో ఆడేవాడు ఎవర్ని తిట్టినా లాభం లేదు.

మన డెల్టాకు ఇంకో సంగతి ఉంది. 2017 డిసెంబర్ 27న రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించిన ఏపీ ఫైబర్‌నెట్, నెలకు 149 రూపాయల పథకంతో పల్లెలకు గాజు తీగ తెచ్చింది. దాని తీగలో ఎక్కువ భాగం నేలలో పాతింది కాదు, కరెంటు స్తంభాల మీదుగా లాగింది. తక్కువ ఖర్చుతో, తొందరగా ఊరూరికీ చేరడానికి అదే దారి. కానీ స్తంభం పడితే తీగా పడుతుంది. 2023 డిసెంబర్ 5న బాపట్ల దగ్గర మిచౌంగ్ తుపాను తీరం దాటినా, 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగినా, ముందు మనిషి, తర్వాత కరెంటు, ఆ తర్వాతే ఇంటర్నెట్. ఆ రోజుల్లో కూడా చందా గడియారం తిరుగుతూనే ఉంటుంది. అందుకని తుపాన్ల కాలమైన అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా ఏడాది చందా కాకుండా నెల చందాయే కట్టుకోవడం మన ప్రాంతానికి తగిన జాగ్రత్త.

మూలా నక్షత్రం రోజు క్యూ

దసరా నవరాత్రుల్లో మూలా నక్షత్రం రోజున ఇంద్రకీలాద్రి మీద అమ్మవారు సరస్వతీ అలంకారంలో దర్శనమిస్తారు. ఆ ఒక్కరోజు క్యూ మిగతా రోజుల్లాంటిది కాదు. ఆలయం అదే, మెట్లు అవే, జనమే పెరిగారు. కొత్త ఆట విడుదలైన రోజు సర్వర్ పరిస్థితి ఇదే, పైగా ఇంకాస్త కష్టం. ఒకేచోట 100 మంది ఆటగాళ్లు నిలబడితే, ప్రతి ఒక్కరి కదలికా మిగతా 99 మందికీ చెప్పాలి. అంటే దాదాపు 10 వేల కబుర్లు. జనం పదింతలై 1,000 మంది అయితే కబుర్లు పదింతలు కావు, వందింతలై 10 లక్షలవుతాయి. అదీ ప్రతి టిక్కుకూ.

దీనికి సంస్థలు మూడు దారులు పట్టాయి. ఒకటి, ఆటగాళ్లను వేరువేరు సర్వర్లకు పంచడం. రెండు, వాకిట్లోనే క్యూ పెట్టడం. మూడోది ఈవ్ ఆన్‌లైన్ అనే అంతరిక్ష యుద్ధాల ఆట కనిపెట్టింది: కాలాన్నే నెమ్మది చేయడం. జనం మితిమీరితే ఆటలో గడియారాన్ని పదో వంతు వేగానికి తగ్గిస్తారు. 2014 జనవరిలో అందులో జరిగిన ఒక మహాయుద్ధంలో ఏడున్నర వేల మందికి పైగా పాల్గొన్నారు. అది దాదాపు 21 గంటలు సాగింది. ఎవరూ బయటికి పడిపోకుండా, అందరికీ ఒకే నెమ్మదితో నడపడం ఆ పద్ధతిలోని న్యాయం. నీళ్లు తక్కువైనప్పుడు ఎగువవాడికి పూర్తిగా, దిగువవాడికి శూన్యంగా కాకుండా వంతులు వేసుకోవడం లాంటిది ఇది.

క్యూ ఉండటం నేరం కాదు. క్యూలో నిలబెట్టిన కాలానికి డబ్బు తీసుకోవడం అన్యాయం. 2021 డిసెంబర్‌లో ఫైనల్ ఫాంటసీ 14 కొత్త భాగం ఎండ్‌వాకర్ వచ్చినప్పుడు ఆటగాళ్లు గంటల తరబడి వాకిట్లో నిలబడ్డారు. జపాన్ సంస్థ స్క్వేర్ ఎనిక్స్ అప్పుడు ముందు 7 రోజులు, తర్వాత ఇంకో 14 రోజులు చందాదారులకు ఉచితంగా కలిపింది. అంతటితో ఆగకుండా ఆట అమ్మకాన్నే నిలిపేసి, 2022 జనవరి చివర గానీ మళ్లీ మొదలుపెట్టలేదు. ఇదే ఆట 2010లో మొదటిసారి విడుదలైనప్పుడు నాసిగా ఉందని విమర్శలొస్తే, 2012 జనవరి దాకా చందా వసూలు చేయలేదు. చివరికి పాతదాన్ని మూసేసి, 2013 ఆగస్టులో కొత్తగా కట్టి తెరిచారు. నిర్వహణ అంటే ఇంత బాధ్యత. ఈ కొలబద్దతో మిగతావాటినీ చూడాలి.

మరమ్మతు వేళలు, పోయిన గంటలు

ఏ సర్వరూ నూటికి నూరు శాతం నడవదు. 99 శాతం నడుస్తుందంటే వినడానికి బాగుంటుంది. నెలలో 720 గంటలకు అది 7 గంటల పైగా ఆగినట్టు. 99.9 శాతం అంటే 43 నిమిషాలు. ఆ ఆగడం ఎప్పుడన్నది ఇంకా ముఖ్యం. వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ అమెరికా సర్వర్లకు వారపు మరమ్మతు అక్కడ మంగళవారం ఉదయం ఏడు గంటల ప్రాంతంలో మొదలవుతుంది. వాళ్లు ఆఫీసులకు పోయే వేళ మనకు రాత్రి ఏడున్నర, ఎనిమిదిన్నర. సరిగ్గా మనవాడు పని ముగించుకుని ఆటకు కూర్చునే సమయం. ఈవ్ ఆన్‌లైన్ రోజూ కాసేపు ఆగే వేళ మనకు సాయంత్రం నాలుగున్నర. సమాన చందా కట్టినా వేళల వల్ల శివారువాడికి దక్కేది తగ్గుతుంది. చందా కట్టే ముందు మరమ్మతు వేళను మన కాలమానంలోకి మార్చి చూసుకోవాలి.

అనుకోకుండా ఆగిపోతే? 2011 ఏప్రిల్ 20న హ్యాకర్ల దాడి తర్వాత ప్లేస్టేషన్ నెట్‌వర్క్ మూడు వారాలకు పైగా మూతపడింది. 7 కోట్ల 70 లక్షల ఖాతాల వివరాలు ప్రమాదంలో పడ్డాయి. సోనీ ఉచిత ఆటలు, 30 రోజుల ప్లస్ సభ్యత్వం ఇచ్చింది. 2025 ఫిబ్రవరిలో ఒక రోజు పాటు ఆగినప్పుడు 5 రోజులు కలిపింది. కరెంటు పోయిన నిమిషాలను కలిపి ఇచ్చిన మా నెట్ సెంటరు అన్న మర్యాదకు ఇది పెద్ద రూపం. మంచి సంస్థను గుర్తుపట్టే లక్షణం ఇదే: ఆగిందని తనే ముందుగా చెబుతుంది, ఎందుకు ఆగిందో చెబుతుంది, పోయిన రోజులు అడక్కుండానే తిరిగిస్తుంది.

ఇంజిన్ పెట్టి తోడుకునేవాళ్లు

ఎగువన ఎవరో కాలవ గట్టున ఆయిల్ ఇంజిన్ పెట్టి రాత్రిళ్లు తోడుకుంటే దిగువన పొలం ఎండుతుంది. ఆటలో గోడల వెనక మనిషిని చూపే, గురి తప్పనివ్వని మోసపు ప్రోగ్రాములు అలాంటివే. దీన్ని అరికట్టే మూలసూత్రం ఒక్కటే: తీర్పు ఎప్పుడూ సర్వర్‌దే కావాలి. ఆటగాడి కంప్యూటర్ "నేను కొట్టాను" అని చెబితే నమ్మకూడదు. ఆ దూరం నుంచి, ఆ కోణంలో, ఆ వేగంతో అది సాధ్యమేనా అని సర్వర్ సరిచూడాలి. చందాలో మోసం చేసేవాణ్ణి బయటికి పంపే మనుషుల జీతం కూడా ఉందని గుర్తుంచుకుని ఫిర్యాదు చేయాలి. తిట్లకూ వేధింపులకూ ఇదే వర్తిస్తుంది, ముఖ్యంగా ఆడపిల్లలు మైకు ఆన్ చేయగానే ఎదుర్కొనే మాటలకు. ఫిర్యాదు బటన్ ఉంటే చాలదు. దాని మీద ఏం జరిగిందో జవాబు రావాలి.

ఇంకొకటి, మాట చెల్లడం. మన రాష్ట్రంలో 1997 చట్టంతో రైతులే ఎన్నుకునే నీటి వినియోగదారుల సంఘాలు వచ్చాయి. కాలవ ఎవరిదో వాళ్లకూ మాట ఉండాలన్నది దాని ఆలోచన. ఆటల్లో దీనికి దగ్గరగా వచ్చింది ఓల్డ్ స్కూల్ రూన్‌స్కేప్. కొత్తగా ఏదైనా చేర్చాలంటే చందాదారుల ఓటుకు పెడతారు. మొదట 75 శాతం, తర్వాత 70 శాతం ఒప్పుకుంటేనే చేరుతుంది. 2013లో మొదలైన ఆ ఆట నేటికీ నిండుగా ఉండటానికి ఈ ఓటు ఒక కారణమని నా నమ్మకం.

జేబు దగ్గర జాగ్రత్త

చందా కట్టడం ఒక్క నొక్కుతో అయిపోతుంది. ఆపడానికి ఏడు తలుపులు తట్టాలి. ఈ ఉచ్చును మన చట్టం పేరుపెట్టి గుర్తించింది. 2023 నవంబర్ 30న కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ ఇచ్చిన మార్గదర్శకాలు 13 రకాల మాయ పద్ధతులను నిషేధించాయి. వాటిలో చందా ఉచ్చు ఒకటి. రద్దు చేసే దారిని దాచడం, తికమక పెట్టడం, ఉచితమని చెప్పి ఆటో డెబిట్ వివరాలు బలవంతంగా తీసుకోవడం దాని కిందికి వస్తాయి. 2021 అక్టోబర్ 1 నుంచి రిజర్వ్ బ్యాంకు నిబంధన ప్రకారం కార్డు నుంచి ఆటో డెబిట్ జరగడానికి కనీసం 24 గంటల ముందు కబురు రావాలి, అందులోనే ఆపుకునే దారి ఉండాలి. యూపీఐ ఆటోపే అయితే మన యాప్‌లోనే ఆ అనుమతిని రద్దు చేయవచ్చు. ఆట సంస్థ దగ్గర రద్దు చేయలేకపోతే డబ్బు పారే తూమునే మూసేయండి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915. 2019 వినియోగదారుల చట్టం ప్రకారం మనం ఉన్న జిల్లాలోనే ఫిర్యాదు చేయవచ్చు.

ఇంకో సందేహం తల్లిదండ్రులది: "డబ్బు పెట్టి ఆడే ఆటల్ని నిషేధించారుగా?" 2020లో మన రాష్ట్రం ఆన్‌లైన్ రమ్మీ, పోకర్‌లను నిషేధించింది. 2025 ఆగస్టు 22న రాష్ట్రపతి ఆమోదం పొందిన కేంద్ర చట్టం, పందెం కాసి డబ్బు గెలుచుకునే ఆటలన్నిటినీ దేశమంతటా నిషేధించింది. ఆడటానికి ప్రవేశ రుసుముగా కట్టే చందాను అదే చట్టం వేరుగా చూసింది. అది పందెం కానంతవరకూ, వినోదం కోసమే అయినంతవరకూ తప్పులేదంది. కాబట్టి పిల్లవాడు ఏ ఆటకు కడుతున్నాడో చూసేటప్పుడు అడగాల్సింది: తిరిగి డబ్బు వస్తుందన్న ఆశ ఇందులో ఉందా? ఉంటే అది ఆట కాదు.

ఆట ఆగిపోయిన రోజు

2020 సెప్టెంబర్ 2న కేంద్రం 118 యాప్‌లను నిషేధించింది. వాటిలో పబ్‌జీ మొబైల్ ఉంది. అక్టోబర్ 30న దాని సర్వర్లు మన దేశానికి పూర్తిగా మూతపడ్డాయి. పిల్లలు డబ్బు పెట్టి కొన్న దుస్తులు, తుపాకులు, సంపాదించిన ర్యాంకులు ఆ రాత్రితో కనపడకుండా పోయాయి. 2021 జులై 2న బీజీఎంఐ పేరుతో ఆ ఆట తిరిగి వచ్చినప్పుడు పాత ఖాతాను తెచ్చుకునే వీలు కల్పించారు. అది అందరికీ దక్కే అదృష్టం కాదు. ఫ్రెంచి సంస్థ యూబీసాఫ్ట్ 2014లో అమ్మిన ది క్రూ అనే కార్ల ఆట సర్వర్లను 2024 మార్చి 31న ఆపేసింది. నెల చందా కూడా లేకుండా, పూర్తి ధర పెట్టి కొన్నవాళ్లు ఒంటరిగా ఆడుకోవడానికి కూడా వీల్లేకపోయింది. దాని మీద రాస్ స్కాట్ అనే ఆటగాడు మొదలుపెట్టిన ఉద్యమానికి 2025 జులై నాటికి యూరప్‌లో 10 లక్షల సంతకాలు దాటాయి. ఆటను శాశ్వతంగా నడపమని వాళ్లు అడగలేదు. వెళ్లిపోయేటప్పుడు ఆడుకోగలిగే స్థితిలో వదిలి వెళ్లమని అడిగారు. అది సాధ్యమేనని 2012లో మూతపడ్డ సిటీ ఆఫ్ హీరోస్ చూపించింది. అభిమానులు నడుపుకుంటున్న సర్వర్‌కు 2024 జనవరిలో అసలు సంస్థే అనుమతి పత్రం ఇచ్చింది.

చందా అనే మాట మనకు కొత్తది కాదు. 1947 జులైలో మొదలైన చందమామకు మా నాన్న చందా కట్టేవారు. ఆ పత్రిక ఆగి పదేళ్లు దాటింది. అయినా ఇప్పటికీ విజయవాడ లెనిన్ సెంటర్ పాత పుస్తకాల షాపుల్లో ఆ సంచికలు దొరుకుతాయి. మా ఇంట్లో బైండు చేసిన కట్ట అలాగే ఉంది. పత్రిక ఆగినా కట్టిన చందాకు చేతిలో కాగితం మిగిలింది. ఆట చందాకు ఏదీ మిగలదు. అది తెలిసే కట్టాలి. మూసే ముందు ఎన్ని నెలల గడువిస్తారు, మిగిలిన రోజులకు డబ్బు వాపసు ఇస్తారా, నా ఖాతా వివరాలు నాకు దించుకునే వీలుందా అన్నది కట్టే రోజునే చదివి తెలుసుకోవాలి. స్నేహాలను మాత్రం సర్వర్ మీద వదలకండి. కలిసి ఆడిన మిత్రుల ఫోన్ నంబర్లు తీసిపెట్టుకోండి.

చివరిగా ఒక మాట, మేనల్లుడికి చెప్పిందే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 నుంచి అమలైన తన వ్యాధుల జాబితాలో ఆటల వ్యసనాన్ని చేర్చింది. అదుపు తప్పడం, మిగతా పనులకన్నా ఆటే ముఖ్యమైపోవడం, నష్టం కనిపిస్తున్నా ఆపలేకపోవడం దాని లక్షణాలు. చందా కట్టాం కాబట్టి ప్రతి రాత్రీ ఆడి వసూలు చేసుకోవాలన్న ఆలోచన ఆ దారికి మొదటి మెట్టు. పరీక్షల నెలలో చందా ఆపుకుని, తర్వాత వస్తే నీ బొమ్మ నువ్వు వదిలినచోటే, నువ్వు వదిలినట్టే ఉండాలి. అలా ఆపుకోనివ్వని ఆటకు కట్టకు అన్నాను.

మర్నాడు పొద్దున్నే బావగారితో తూము దగ్గరికి వెళ్లాను. ఆయన జేబులో ఒక చిన్న నోటుబుక్కు ఉంటుంది. ఏ రోజు నీళ్లు వచ్చాయి, కర్ర దించితే ఎన్ని అంగుళాలు తడిసింది, ఎన్నింటికి తగ్గింది, అన్నీ తేదీలతో రాసి ఉంటాయి. నీటి సంఘం మీటింగులో ఆయన గొంతు పెంచరు, ఆ పుస్తకం తెరుస్తారు. మేనల్లుడు ఆ పేజీలు తిప్పి చూశాడు. తిరిగి వచ్చాక దాని చివరి పేజీ ఇమ్మని నాన్నను అడిగాడు. గీతలు గీసి పైన నాలుగు మాటలు రాసుకున్నాడు: తేదీ, వేళ, పింగ్, ఆగిన నిమిషాలు. మొదటి వరుసలో 64 వేశాడు.